బాపు తగ్గించిన మూడేళ్లు

నాకు రెండు వయసులున్నాయి. ఒకటి అవ్వ కన్నప్పటిది, ఇంకొకటి బాపు బడిలో రాయించింది. రెంటికీ మూడేళ్ల తేడా. బోధన్ చుట్టుపక్కల ఇదేం వింత కాదు, నా ఈడువాళ్లలో చాలామందికి ఇట్లాంటి దొంగ వయసు ఒకటుంది. వాళ్లు దాన్ని నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. నా ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే చదివేవాళ్లు ఎక్కడో ఒకచోట అయ్యో పాపం అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడు. చెరుకు ఆడినన్నాళ్లు అక్కడ పని, ఆ తర్వాత ఏది దొరికితే అది. అవ్వ బీడీలు చుట్టేది. ఎప్పటికైనా నన్ను అదే ఫ్యాక్టరీలో పర్మనెంటు నౌకరీలో చూడాలని బాపు కోరిక. అందుకే బడిలో చేర్చిన రోజు, ఎనిమిదేళ్లవాడిని నిలబెట్టి అయిదేళ్లని చెప్పాడు. పెద్దసారు నన్ను ఎగాదిగా చూశాడు. అప్పటికే నేను పిడికెడంత ఉండేవాడిని. ఆయనకు అనుమానమే రాలేదు.

"నౌకర్ల మూడేండ్లు ఎక్కువుంటడు. మూడేండ్ల జీతమంటే ఊకెనే వస్తదా?" అని ఇంటికొచ్చి అవ్వ దగ్గర మురిసిపోయాడు బాపు.

ఆ రోజు నుంచే ఇంట్లో నాకు ఇంకో చదువు మొదలైంది. "ఎవలడిగినా గదే జెప్పాలె బిడ్డా. అసలుది నోట్లకెల్లి రావద్దు," అనేది అవ్వ, తునికాకు కత్తిరిస్తూనే. బస్సులో కండక్టరు అడిగినా, పెళ్లిలో చుట్టాలడిగినా అదే చెప్పేవాడిని. చెప్పీ చెప్పీ నాకు కూడా అదే నిజమనిపించేది.

ఆరో తరగతికొచ్చినా ముందు బెంచీలో కూర్చుంటే నా కాళ్లు నేలకు అందేవి కావు. దసరాకు కుట్టించిన చొక్కా మళ్లీ దసరా వచ్చినా పొట్టి కాలేదు. ఆ పై దసరాకూ కాలేదు. మొదట్లో బట్ట కలిసొచ్చిందని సంబరపడిన అవ్వ, తర్వాత తర్వాత ఆ చొక్కా నాకు తొడిగేటప్పుడు మాట్లాడడం మానేసింది. చివరికి బాపుతో పోరుపెట్టుకుని, నన్ను నిజామాబాద్ తీసుకుపోదామని ఒప్పించింది.

అక్కడి కంఠేశ్వర్‌లో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. నెమ్మదైన మనిషి. నన్ను గోడకు ఆనించి ఎత్తు చూశాడు, బరువు చూశాడు. ఎన్నేళ్లని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాపు, "పదేండ్లు సార్," అన్నాడు. అవ్వ కొంగు సర్దుకుంది. అసలు నాకప్పుడు పదమూడు.

డాక్టరు నా ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించాడు. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఎముకలు తొమ్మిది, పదేళ్ల పిల్లల్లాగే ఉన్నాయి. వయసుకు సరిపోయింది. మీరిద్దరూ కూడా పొట్టే కదా," అన్నాడు. "కొందరు పిల్లలు పద్నాలుగు, పదిహేనులో ఒక్కసారిగా సాగుతారు. మంచి తిండి పెట్టండి, భయపడకండి." ఆయన తప్పేమీ లేదు. చెప్పిన వయసుకు ఆయన సరైన మాటే చెప్పాడు.

తిరుగు బస్సులో అవ్వ మెల్లగా అంది, "డాక్టరుకన్న అసలుది చెప్తే అయిపోతుండె."

"ఆయినెకు పెద్దసారు ఎరుకేమో. మాట మాట కలిస్తే బడి కాయితం ఖరాబైతది," అన్నాడు బాపు. "అయినా ఎక్స్‌రేల బొక్కలకు బడి కాయితంతోని ఏం పని?"

ఇద్దరి మధ్యా కూర్చుని నేను విన్నాను. నాకైతే బాధే కలగలేదు, పైగా సంతోషం వేసింది. పద్నాలుగులో సాగుతారన్నాడు కదా, బాపు లెక్కలో నాకింకా నాలుగేళ్లున్నాయి అనుకున్నాను. నా అసలు వయసును నేనే మరిచిపోయి, దొంగ వయసు పెరిగే రోజు కోసం ఎదురుచూశాను.

దోస్తులు తాటిచెట్లయ్యారు. వాళ్ల పక్కన నడిచేటప్పుడు పరుగెత్తాల్సి వచ్చేది. చాలా ఆలస్యంగా నాకూ గొంతు మారింది, మీసం జాడ కనిపించింది, రెండు మూడంగుళాలు పెరిగాను. అక్కడితో సరి. ఈలోగా ఫ్యాక్టరీలో కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది. బాపు ముందే లెక్కగట్టి దాచిన మూడేళ్ల జీతం మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నా ఇరవయ్యొకటో ఏట ఎవరో చెబితే హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె కొత్తగా ఎక్స్‌రే తీయించింది. నరానికి ఒక సూది వేయించి, కాసేపటికోసారి రక్తం తీయించింది. రిపోర్టులు వచ్చాక మళ్లీ పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పింది.

"తలలో బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. మనిషిని పెంచే హార్మోను అక్కడే తయారవుతుంది. కానీ తయారు చేయమని దానికి పైనుంచి కబురు అందాలి. నీకు ఆ కబురు సరిగా అందలేదు. మేం వేసిన సూది అచ్చం ఆ కబురులాంటిదే. వేయగానే నీ గ్రంథి పలికింది."

"అంటే ఉన్నట్టేనా మేడమ్?" అన్నాను.

"ఉంది. లేపేవాళ్లు లేక ఊరుకుంది. పెరిగే పిల్లలకు హార్మోను సూదులిస్తారు. ఇట్లా సొంత గ్రంథినే లేపే సూదులు కూడా బయటి దేశాల్లో పిల్లలకు ఇస్తున్నారు. కానీ ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ సూదీ పొడవు పెంచదు. నీకు మూసుకుపోయాయి."

బాపు ఇంటి నుంచి తెచ్చిన పాత ఎక్స్‌రేను ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చాడు. ఆమె చూసి, అప్పుడు ఎన్నేళ్లని అడిగింది. బాపు ఖాళీ కవరును మడతపెట్టాడు.

"పదమూడు మేడమ్. పది అని జెప్పిన."

ఆమె ఎక్స్‌రేను బల్లమీద పెట్టింది. "పదమూడేళ్లవాడికి తొమ్మిదేళ్ల ఎముకలంటే ఏ డాక్టరైనా ఆగి చూసేవాడు. అప్పటికింకా బోలెడు టైం ఉండింది," అంది. కోపంగా అనలేదు.

ఆ రోజుల్లో ఆ సూదులు కొనే తాహతు మాకుండేదా? ఉండేది కాదేమో. ఆ మాటతో నాకు నేను సర్దిచెప్పుకోవాలని ఎన్నోసార్లు చూశాను, కుదరలేదు. అడిగి లేదనిపించుకున్నా ఇంత బాధ ఉండేది కాదు.

హైదరాబాద్ నుంచి నేనూ బాపూ నిజామాబాద్‌లో దిగి బోధన్ బస్సెక్కాం. నేను కోపంతో కిటికీ వైపు తిరిగి, చలికి తలమీదుగా తువ్వాల కప్పుకుని కూర్చున్నాను. బస్సు నిండా జనం. కండక్టరు వాళ్లను తోసుకుంటూ వచ్చి, నా వైపు సరిగా చూడకుండానే బాపును అడిగాడు.

"మీది ఫుల్లు, పిల్లగానిది ఆఫా?"

బాపు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "రెండూ ఫుల్లే కొట్టు. వానికి ఇరవయ్యొక్కేండ్లు," అన్నాడు. బస్సంతా వినబడేటంత గట్టిగా అన్నాడు.

"కొడుత తియ్యి పెద్దాయినా, నేనేమన్న?" అన్నాడు కండక్టరు.

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఇదే మాట కంఠేశ్వర్‌లో ఆ గదిలో అని ఉంటే ఏం పోయేది బాపూ అని నోటిదాకా వచ్చింది. ఆయన కూర్చుని, రెండు టికెట్లలో ఒకటి నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, ఆ పిడికిలిని బోధన్ వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు.