పేరు చెప్పకూడని కషాయం

మా మనవరాలికి ఇప్పుడు నాలుగో నెల. కర్నూలులో కాపురం. వేవిళ్ళు తగ్గక, ఎవరో చెబితే చైనా సూదుల వైద్యం చేయించుకుందామనుకుంది. మణికట్టు దగ్గర సన్నటి సూది గుచ్చితే వాంతులు నిలుస్తాయట. నేను వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. ముందు కాన్పు చూసే డాక్టరమ్మను అడగమన్నాను. నన్నూ వెంట తీసుకుపోయింది. డాక్టరు ముందు కూర్చుని ఆ పిల్ల సూదుల సంగతి, స్నేహితురాలు ఇచ్చిన శొంఠి పొడి, ఎక్కడినుంచో తెప్పించుకున్న ఆకుల టీ, అన్నిటినీ పేర్లతో సహా గడగడా చెప్పేసింది. గర్భిణికి గుచ్చకూడని చోట్లు కొన్ని ఉంటాయని, సూది వేసే మనిషి ఆ చదువు చదివాడో లేదో కనుక్కుని, కడుపుతో ఉన్నట్టు ముందే చెప్పాలని డాక్టరు అంది. ఆకుల టీలో ఏముందో డాక్టరైన తనకే తెలియదు కాబట్టి మానేయమంది. అంతే, అంతా తేలిపోయింది. బయటికి వచ్చాక మనవరాలు, "ఏం జేజీ, మొగం అట్ల పెట్టుకున్యావు?" అని అడిగింది. నాకు కుళ్ళుగా ఉండింది. తాగుతున్న మందు పేరు అంత తేలిగ్గా చెప్పగలగడం కూడా ఒక భాగ్యమేనని ఆమెకు తెలియదు.

కర్నూలు మనకు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. మా మరిది కొడుకు ఆ తరువాతి ఏడు అంటాడు గానీ అది తప్పు. నా పెద్ద కొడుకు పుట్టింది ఆ ఏడే, నా కొడుకు ఎప్పుడు పుట్టాడో అతనికంటే నాకే బాగా తెలుసు. వేంపల్లెకు కొంచెం దూరంలో మా అత్తగారి ఊరు. ఆ ఇంట్లో కోడళ్ళం ఇద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం. పెద్ద కోడలు పత్తికొండ వైపు పిల్ల, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పిలుపులో తప్ప నాకు ఆమెమీద అక్క అనే భావం ఏ కోశానా లేదు. ఆమె తెల్లగా ఉండేది. నేను సున్నమూ పసుపూ కలిపి రుద్దుకున్నా చామనచాయ దాటలేదు. ఆమె వండితే మామ ఇంకో ముద్ద పెట్టించుకునేవాడు. నేను వండిన రోజు ఆయనకు ఆకలి ఉండేది కాదు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కషాయం.

అంతకుముందు రెండు కడుపులు ఆమెకు నిలవలేదు. అందుకని ఈసారి వాళ్ళమ్మ ఏవో వేళ్ళు గుడ్డలో కట్టి పంపింది. మా వైపు ఇలాంటి మందుకు ఒక పద్ధతి ఉండేది. కడుపు నిలవడానికి తాగే మందు పేరు ఎవరూ పైకి అనకూడదు. అంటే గుణం పోతుంది, కడుపులో బిడ్డకు కాపుదల పోతుంది. దంచేటప్పుడు వంటింటి తలుపు వేసుకోవాలి. తాగేటప్పుడు తూర్పుకు తిరిగి, ఒక్క మాట మాట్లాడకుండా, ఇంటి పెద్ద ముత్తయిదువ చేతిమీదుగా తాగాలి. మా అత్త తెల్లవారగానే దాన్ని పాలలో కాచి, కంచు గిన్నెలో పోసి, తన చేత్తో ఆమె నోటికి అందించేది. తరువాత తన కొంగుతోనే ఆమె మూతి తుడిచేది. నేను గాడిపొయ్యి దగ్గర పొగలో కూర్చుని అదంతా చూసేదాన్ని. నాకు తల్లి లేదు. నా తొమ్మిదో ఏటనే పోయింది. నా మూతి ఎవరూ తుడవలేదు. వాంతులకని అత్త నాకిచ్చింది నిమ్మకాయ ఊరగాయ బద్ద. అది కూడా, "తీసుకోపోమ్మే, జాడీలో ఉండాది" అనడమే.

నేను అన్నం తగ్గించాను. అలిగానని ఎవరూ కనిపెట్టకపోతే ఇంకా తగ్గించాను. చివరికి అత్తకే విసుగొచ్చింది. "ఏంది మే నీ బాధ? ఏం గావల్ల నీకు?" అంది. "అక్కకిచ్చేదే నాకూ ఇయ్యి అత్తా" అన్నాను. అత్త పొయ్యిలో కట్టె ఎగదోసి, "సరే, ఇద్దరి కడుపులూ నా ఇంటివే గదా" అంది. ఆ మరునాటి నుంచి నాకూ కంచు గిన్నె వచ్చింది. కషాయం తియ్యగా, కొంచెం మట్టి వాసనతో ఉండేది. అత్త కొంగు జొన్నపిండి వాసన వేసేది. ఆ రోజుల్లో నా అంత సుఖపడిన మనిషి జిల్లాలో లేదు.

ఏడో నెల వచ్చేసరికి నా కాళ్ళు వాచాయి. మెట్టెలు వేళ్ళలోకి దిగిపోతే అత్త ఆముదం రాసి లాగింది, రాలేదు. ముఖం కూడా ఉబ్బింది. కడుపుతో ఉన్నవాళ్ళకు నీరు పట్టడం మామూలేనన్నారు. కషాయం ఇంకో గుక్క ఎక్కువ పోశారు. ఒక పొద్దున తల పగిలిపోతున్నట్టు నొప్పి మొదలై, కళ్ళ ముందు మిణుగురులు ఎగిరాయి. ఎదురుగా ఉన్న అత్త రెండుగా కనిపించింది. మా ఆయన బండి కట్టి వేంపల్లెకు, అక్కడినుంచి బస్సులో కడపకు తీసుకుపోయాడు. అత్త వచ్చింది. పెద్ద కోడలు కూడా, "దాని తల ఎవురు పట్టుకుంటారు?" అంటూ ఎక్కింది. అంత నొప్పిలోనూ నాకు ఒక ఆలోచన వచ్చింది. నా రోగంలో కూడా ఈమెకు భాగం కావాలా అని.

కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది. మరోసారి చూసింది. ముఖం గట్టిపడింది. తల్లికీ బిడ్డకూ ప్రమాదంగా ఉందని, ఫిట్స్ రాకుండా చూడాలని చెప్పి, "ఇంట్లో ఏం మందు ఇచ్చారు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. ఇంటి తిండే" అంది అత్త.

"ఏదో ఇచ్చారు. అదేమిటో తెలియకుండా దానిమీద నేను మందు వేస్తే ఏమవుతుందో నాకే తెలియదు. పేరు చెప్పండి."

అత్త నా వైపు చూడలేదు. పెద్ద కోడలి కడుపు వైపు చూసింది. నేను బల్లమీద పడుకుని ఆ చూపు చూశాను. ఆమెకు అప్పుడు ఆరో నెల. ఆ నెల దాటిన కడుపు ఆమెకు అంతవరకు లేదు. పేరు బయటపడితే పోయేది ఎవరి బిడ్డ కాపుదలో అక్కడ ముగ్గురికీ తెలుసు. నేను చెబుదామంటే నాకు ఆ పేరు తెలియదు. తెలిసినా నాలుక మడతపడి మాట రావడం లేదు.

"అతిమధురం" అంది పెద్ద కోడలు. "అతిమధురం వేరు, డాక్టరమ్మా. పాలల్లో కాంచి దినామూ ఇస్తాండాది మా అత్త. మా అమ్మ నాకని పంపింది. ఇదీ తాగింది, నేనూ తాగతాండా."

అత్త నుదురు కొట్టుకుంది. "ఎంత పని జేస్తివే."

"అది సచ్చిపోతాంటే నోరు మూసుకోని నిలబడమంటావా అత్తా?"

డాక్టరమ్మ అత్తను తిట్టలేదు. ఆ వేరు చెడ్డదని కూడా అనలేదు. దగ్గుకు తానూ వాడతానంది. కానీ రోజుల తరబడి తాగితే ఒంట్లో నీరు నిలుస్తుందని, రక్తపోటు పెరుగుతుందని, నాలాంటిదానికి అది మంటమీద నూనె పోయడమేనని చెప్పింది. ఇద్దరికీ ఆ మందు ఆపించింది. నన్ను చీకటి గదిలో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి సూదిమందులు ఇచ్చింది. కాన్పు దాకా అక్కడే ఉంచింది.

అక్క ఇంటికి పోలేదు. నా మంచం పక్కనే నేలమీద చాప వేసుకుని ఉండిపోయింది. పగలంతా చెయ్యి కడుపుమీద పెట్టుకుని, లోపల బిడ్డ కదలికకోసం కాచుకునేది. కదిలితే ఊపిరి వదిలేది. కాసేపు కదలకపోతే ఆమె పెదవులు తెల్లబడేవి. ఒకరోజు, "అక్కా, చెప్పేటప్పుడు భయం కాలేదా?" అని అడిగాను.

"అయ్యింది. ఇప్పుడూ అయితాండాది. నువ్వు నోరు మూసుకోని పండుకో."

నాకు నెల ముందే కొడుకు పుట్టాడు. తూకం తక్కువైనా బతికాడు. ఆమెకు నెలలు నిండి అదే ఆసుపత్రిలో కూతురు పుట్టింది. ఆ పిల్ల ఏడుపు పక్క వార్డుకు వినిపించింది. అత్త మంత్రాలయం పోయి మొక్కు తీర్చుకుని వచ్చి, దారి పొడుగునా అందరికీ ఈ కథ చెప్పింది. కథలో నేను వాచిన కాళ్ళతో కొంచెంసేపు కనిపిస్తాను. మిగిలిందంతా పెద్ద కోడలే. చావు దాకా పోయి వచ్చింది నేను, పేరు ఆమెకు. కొన్నేళ్ళు ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. తరువాత తరువాత మంట వేరే చోటికి మారింది. ఆ గదిలో కడుపుతో నిలబడింది నేనై, బల్లమీద పడుకున్నది ఆమె అయి ఉంటే నా నోట ఆ మాట వచ్చేదా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. ఒక్కసారి కూడా ధైర్యంగా అవునని చెప్పుకోలేకపోయాను.

ఆమె ఎనభై ఒకటో ఏట పోయింది. ఆ వయసును నేను ఎప్పుడో దాటాను, ఇప్పుడు లెక్కకు నేనే పెద్దదాన్ని. అయినా కడప ఆసుపత్రిలో నోరు విప్పిన ఆ ఇరవై మూడేళ్ళ మనిషి ఇంకా నాకంటే ముందే నడుస్తోంది. ఇన్నేళ్ళు బతికినా అందుకోలేకపోయాను.