పదో పేజీలో తొమ్మిది పేర్లు

మా వదినకి విదేశంలో ఎడిటర్ ఉద్యోగం వచ్చిందంటే ముందు మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. బయటి దేశాలకి కంప్యూటర్లవాళ్ళు వెళ్తారు, నర్సులు వెళ్తారు, తాపీమేస్త్రీలు వెళ్తారు. తెలుగులో తప్పులు దిద్దే మనిషితో అక్కడ ఎవరికేం పని? పని ఉందని తర్వాత తెలిసింది. అక్కడ ఒక పెద్ద ఇంగ్లీషు దినపత్రిక నడిపే కంపెనీ, కూలిపనులకి వచ్చినవాళ్ళ కోసం వాళ్ళ వాళ్ళ భాషల్లో వారపత్రికలు కూడా వేస్తోంది. తెలుగుది పన్నెండు పేజీలు. గురువారం పొద్దున కార్మికుల గదులకి ఉచితంగా పంచేవారు. ప్రకటనల మీద బోలెడంత వచ్చేది.

వదిన అప్పటికి పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఒక దినపత్రిక డెస్కులో చేస్తోంది. నెల జీతం మరుసటి నెల ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ నాలుగింతలిస్తామన్నారు. ఉండడానికి రెండు గదుల ఫ్లాటు, అమ్మాయి స్కూలు ఫీజులో సగం, ఏడాదికోసారి విమానం టికెట్లు. మా అన్నయ్య ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం వదులుకుని వెంట వెళ్ళాడు. అక్కడ అతనికి పనిచేసే అనుమతి లేదు. వంట నేర్చుకున్నాడు, పక్క ఫ్లాట్ల పిల్లలకి పాఠాలు చెప్పాడు, ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "ఎడిటర్‌గారి భర్త ఉద్యోగం, సెలవుల్లేవు" అనేవాడు.

ముగ్గురూ అక్కడుండడానికి అనుమతి కాగితం మాత్రం వదిన కంపెనీ పేరు మీద ఉండేది. ఉద్యోగం పోతే ముప్పై రోజుల్లో ముగ్గురూ దేశం విడిచి వెళ్ళాలి. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడు చదివారు, తర్వాత మరిచిపోయారు. ఐదేళ్ళు బాగానే గడిచాయి.

ఆ పత్రికలో అందరూ ముందు తిప్పి చూసేది పదో పేజీ. అందులో సగం వారఫలాలు, మిగతా సగం 'ఆచూకీ'. ఫలానా ఆయన మూడు నెలలుగా ఫోను ఎత్తడం లేదు, ఎరిగినవాళ్ళు కబురు చేయండి, అలాంటివి. ఆ సగం పేజీని వదిన ఎవరికీ వదలకుండా తనే దిద్దేది.

ఆరో ఏడు డిసెంబరులో ఒక సోమవారం, ఊరి చివర కడుతున్న షాపింగ్ భవనంలో స్లాబుకి కట్టిన సెంట్రింగు కూలింది. ఇద్దరికి స్వల్ప గాయాలు అని కట్టే కంపెనీ పత్రికలకి నోటు పంపింది. ఆ కంపెనీ వదిన పత్రికకి అందరికంటే పెద్ద ప్రకటనదారు. చివరి పేజీ ఏడాది పొడుగునా వాళ్ళదే. వదిన ఆ నోటుని రెండు లైన్లకి కుదించి, మూడో పేజీలో వేయడానికి పక్కన పెట్టింది.

బుధవారం పొద్దున పదింటికి ఒకావిడ ఆఫీసుకొచ్చింది. ఆసుపత్రిలో వార్డులు తుడిచే మనిషి. యూనిఫాం మీద పాత స్వెటర్ వేసుకుని, మందుల అట్టపెట్టె చింపిన ముక్క ఒకటి సంచిలోంచి తీసి వదిన ముందు పెట్టింది. దాని మీద తొమ్మిది పేర్లు, కొన్నింటి పక్కన ఊళ్ళు, కొన్నింటి పక్కన ఫోన్ నంబర్లు. సోమవారం నుంచి మూడో అంతస్తులో ఒక వార్డుకి తాళం వేసి ఉంచారనీ, తుడవడానికి తనని మాత్రం పంపిస్తున్నారనీ, సెంట్రింగు కింద పడి లోపలున్న ఆ తొమ్మిదిమంది ఫోన్లూ తీసేసుకున్నారనీ చెప్పింది.

"ఇంకో ఇద్దరు పోయారక్కా. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీదు. ఆ రోజే కొత్తగా పనిలోకి వచ్చారంట," అంది. "నా పేరు మాత్రం ఎక్కడా రానీకు."

వదిన ఆమె పేరు అడగనే లేదు.

ఆవిడ వెళ్ళాక వదిన అట్టముక్క మీదున్న నంబర్లకి ఫోన్లు చేసింది. నొప్పుల్లో చెప్పినవేమో, సగం నంబర్లలో అంకెలు తగ్గాయి. మూడు కలిశాయి. ముగ్గురి ఇళ్ళలోనూ ఒకటే మాట: అక్కడే పని, అదే కంపెనీ, రెండు రోజులుగా ఫోను లేదు. బతికే ఉన్నాడమ్మా, ఆసుపత్రిలో ఉన్నాడు అని ముగ్గురికీ చెప్పింది. అందులో ఒకామె ఏ ఆసుపత్రి అనైనా అడగకుండా, "అన్నం తింటున్నాడా?" అని అడిగిందట. 

విన్నదాన్ని చూడకుండా రాసే అలవాటు లేదు కాబట్టి, పన్నెండింటికి ఆసుపత్రికి వెళ్ళింది. కింద గార్డు ఆఫీసు కార్డు నంబరు రాసుకుని లోపలికి వదిలాడు. మూడో అంతస్తులో తాళం వేసిన తలుపుకి చేతి వెడల్పు అద్దం ఉంది. అందులోంచి మంచాలు లెక్కపెట్టింది. తొమ్మిది. చివరి మంచం మీదున్న కుర్రాడు తలుపు వైపే చూస్తున్నాడు. వదినని చూసి చెయ్యెత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. ఇంతలో వెనక ఎవరో గట్టిగా పిలిచారు. పొరపాటున ఈ అంతస్తుకి వచ్చానని చెప్పి మెట్లు దిగేసింది. 

పేజీలు ప్రెస్సుకి వెళ్ళేది నాలుగింటికి. రెండింటికి మేనేజర్ పిలిచాడు. నెమ్మదస్తుడు, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఆసుపత్రికి వెళ్ళారట, ఒంట్లో బాగుందా అని అడిగాడు. గార్డు రాసుకున్న నంబరు రెండు గంటల్లో ఇక్కడి దాకా వచ్చిందన్నమాట. ఆ ప్రమాదం గురించి పోలీసులు చూసుకుంటారనీ, మూడో పేజీలో ఆ రెండు లైన్లు చాలనీ అన్నాడు. వదిన లేచి తలుపు దాకా వచ్చాక వెనకనుంచి అడిగాడు.

"మీ అమ్మాయి ఫైనల్ పరీక్షలు మార్చిలో కదా?"

సీటుకి వచ్చి అన్నయ్యకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, ఆ పేర్లు పేపర్లో వేద్దామనుకుంటున్నానంది.  పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు ఆమెకి వినిపించింది.

"వద్దు," అన్నాడు అన్నయ్య. "కలిసిన ముగ్గురికీ చెప్పావుగా. మిగతా నంబర్లు నేను కూర్చుని వెతుకుతాను. పేపర్లో మాత్రం వద్దు."

"పోయిన ఇద్దరికీ నంబర్లే లేవండీ. వాళ్ళెవరో వాళ్ళ గదిలో ఉండేవాళ్ళకే తెలియాలి. గదుల్లోకి వెళ్ళేది మన పేపరొక్కటే."

"మూడు నెలలే. మార్చి దాటనీ."

వదిన ఉంటానని ఫోను పెట్టేసింది.

ఆ పత్రికకి పేజీలు పెట్టే ఆయన్ని అందరూ అంగుళం అనేవారు. ఏ వార్త ఇచ్చినా ముందు ఎన్ని అంగుళాలని అడుగుతాడు గనక. వదిన పదో పేజీ తెరవమంది. రెండు కాలమ్‌లలో ఆరంగుళాలు కావాలంది. వదిన టైపు చేసినది అతను చదివాడు. తొమ్మిది పేర్లు, ఊళ్ళు. వీరు ఫలానా ఆసుపత్రి మూడో అంతస్తులో చికిత్స పొందుతున్నారు, బంధుమిత్రులు వెళ్ళి కలవగలరు. మరో ఇద్దరి పేర్లు తెలియవలసి ఉంది. సోమవారం నుంచి మీ గదికి తిరిగి రానివారెవరైనా ఉంటే ఆసుపత్రికి తెలియజేయగలరు. కంపెనీ పేరు లేదు, ప్రమాదం అన్న మాట కూడా లేదు.

అంగుళం చదివి, వారఫలాల వైపు చూశాడు. "ఈ వారం ఎవరికీ ఏ ఫలమూ లేకపోయినా పర్వాలేదు మేడమ్," అని ఆ సగం పేజీ మొత్తం లేపేశాడు.

తర్వాత వదిన అతన్ని ఇంటికి పొమ్మంది. మూడింటికే వెళ్ళిపోయావు, ఈ పేజీ నేనే పెట్టాను, నీకేం తెలియదు అని రెండుసార్లు చెప్పింది. అతను సంచి తీసుకుని వెళ్ళాడు.

నాలుగింటికి ఇరవై నిమిషాలుందనగా మేనేజర్ దగ్గరుండే సహాయకుడు వచ్చాడు. ఎప్పుడూ రాడు. పేజీలు ఒకసారి చూడమన్నారని వదిన పక్కన కుర్చీ లాక్కున్నాడు. అతనికి తెలుగు రాదు. అయినా మొదటి పేజీలో ప్రతి బొమ్మ దగ్గరా ఆగి ఏమిటని అడిగాడు. మూడో పేజీలో రెండు లైన్ల వార్తని పదం పదం చెప్పించుకున్నాడు.  తొమ్మిదో పేజీ అయింది. పదో పేజీ తెరిచింది.

అతను ముందుకి వంగాడు. "ఇక్కడ రాశుల బొమ్మలుండాలే?" అన్నాడు. "ప్రతివారం నాది మా డ్రైవరు చేత చదివించుకుంటాను."

జ్యోతిష్యుడికి జ్వరం, ఈ వారం పంపలేదు అని చెప్పింది వదిన.

"అయ్యో," అని అతను పదకొండో పేజీ తిప్పమన్నాడు.

నాలుగింటికి పేజీలు వెళ్ళిపోయాయి. వదిన బాత్‌రూంలో చల్లనీళ్ళతో మొహం కడుక్కుని ఇంటికి బయల్దేరింది. ఇంటికొచ్చాక ఆమె మొహం చూడగానే అన్నయ్యకి తెలిసిపోయింది.  

గురువారం మధ్యాహ్నానికి ఆసుపత్రి గేటు దగ్గర నలభైమంది దాకా పోగయ్యారు. చేతుల్లో పేపర్లు, పదో పేజీ పైకి మడిచి. అరవలేదు, రాళ్ళు వేయలేదు. ప్రతివాడూ పేపర్లో ఒక పేరు మీద వేలు పెట్టి చూపించి, ఇతన్ని చూడాలి అన్నాడు. సాయంత్రానికి వార్డు తలుపు తెరిచారు. పోయిన ఇద్దరిలో ఒకతన్ని పచ్చబొట్టు చూసి గదిలోవాళ్ళు గుర్తుపట్టారు. రెండో అతనికి ఎవరూ రాలేదు. అతని పేరు తెలియడానికి ఇంకో పదిరోజులు పట్టింది. ఇంకెవరిదో దినపత్రిక శుక్రవారం ఈ సంగతి మొదటి పేజీలో వేసింది. కట్టే కంపెనీ లెక్క సరిచేసుకుని ఇంకో నోటు పంపింది.

వదినకి పిలుపు గురువారం మూడింటికే వచ్చింది. మేనేజర్ బల్ల మీద పదో పేజీకి ఇంగ్లీషు అనువాదం ఉంది.

"ఇందులో ఒక్క తప్పు కూడా లేదని మా లాయరు చెప్పాడు," అన్నాడు. "తప్పుంటే చిన్న క్షమాపణతో సరిపోయేది."

తర్వాత కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, ఒక దారి ఉందన్నాడు. ఆ పేర్లు ఎవరు తెచ్చారో చెబితే చాలు. ఏప్రిల్ దాకా ఉద్యోగం ఉంటుంది, అమ్మాయి పరీక్షలైపోతాయి, వేరేచోట చేరడానికి మంచి ఉత్తరం కూడా ఇస్తాను. ఇది మీకూ నాకూ మధ్యనే.

వదిన ఒక్కమాట ఆలోచించుకుంటానన్నా అతను ఒక రోజు గడువిచ్చేవాడే. ఆ సంగతి ఆమెకి తెలుసు. కిటికీలోంచి పార్కింగులోకి చూస్తూ ఉండిపోయింది. స్కూలు బస్సు నాలుగున్నరకి వస్తుంది, ఈపాటికి అమ్మాయికి చివరి పీరియడ్ అయుంటుంది అని లెక్కేసుకుందట.

"పోస్టులో వచ్చాయి," అంది.

"కవరు చూపించండి."

"పారేశాను."

అతను ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పింది. ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టమన్నాడు.

ఆ ముప్పై రోజులూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో నాకు అన్నయ్యా వదినా విడివిడిగా చెప్పారు. మా మేనకోడలు నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఐదో రోజు, "నన్నడగాలనైనా అనిపించలేదా?" అని అడిగింది. అడిగితే నువ్వు వద్దంటావని భయపడ్డాను అంది వదిన. ఆ పిల్ల వెంటనే, "వద్దనే అనేదాన్ని," అంది. తర్వాత ఇద్దరూ కలిసి పుస్తకాలు పెట్టెల్లో సర్దారు. అన్నయ్య 'నేను ముందే చెప్పాను' అని ఒక్కసారీ అనలేదు. అయితే అనకుండా ఆపుకోవడం వదినకి స్పష్టంగా వినిపించేది. మేనేజర్ పెట్టిన బేరం సంగతి ఆమె విమానంలో కూర్చున్నాక చెప్పింది. అది విని అన్నయ్య, ఆ ఒక్కమాట నాకు చెప్పకుండా ఉండాల్సింది అన్నాడట. చాలా నెలలు ఆ మాట దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ.

మేనకోడలు ఇక్కడికొచ్చి ప్రైవేటుగా పరీక్షలు రాసింది. అనుకున్న మార్కులు రాలేదు, అనుకున్న కాలేజీలో సీటు రాలేదు. వేరే కాలేజీలో చేరింది. అన్నయ్యకి మళ్ళీ లెక్చరర్ పని దొరికింది. వదినని ఏ పత్రికా తీసుకోలేదు, వయసు ఎక్కువైందన్నారు. స్కూలు పుస్తకాలు అచ్చువేసే చోట ప్రూఫులు దిద్దుతోంది, అక్కడి జీతంలో ఐదోవంతుకి. అంగుళం ఇంకా అక్కడే ఉన్నాడు. వార్డులు తుడిచే ఆవిడ కూడా అదే ఆసుపత్రిలో చేస్తోందని, ఆమె పేరు ఎవరికీ తెలియలేదని అతని ద్వారానే కబురొచ్చింది.

ఇప్పటికీ కుర్రాళ్ళు వదిన దగ్గరికి వస్తారు. మేడమ్, బయట ఎడిటర్ ఉద్యోగానికి ఎంతిస్తారు, వెళ్ళమంటారా అని. వాళ్ళని నిరుత్సాహపరచదు. జీతం ఎంతో, ఇల్లెలా ఇస్తారో, టికెట్లెన్నో అన్నీ వివరంగా చెబుతుంది. కాంట్రాక్టు తెచ్చి చూపించమంటుంది. కళ్ళజోడు పెట్టుకుని, ఎర్రపెన్నుతో, అనుమతి కాగితం ఎవరి పేరు మీద ఉందో ఆ లైను కింద గీత గీసి తిరిగి ఇస్తుంది. చాలామంది వెళ్తూనే ఉన్నారు.