పద్మకుమారి ఆవపెట్టిన కూర

పాతపట్నంలో కిరాణా కొట్టు నరసింగరావు భార్య పద్మకుమారి. ఇంట్లో శుభకార్యం తలపెట్టిన వాళ్లెవరైనా ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు, వంటకు. 2013లో ఆమెకు పదిరోజులు విడవని జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ వాసన, రుచి రెండూ పోయాయి. ఇవాళో రేపో వస్తాయిలే అని ఎవరికీ చెప్పలేదు. ఏడాది గడిచింది. చేతి అలవాటు మీద ఉప్పు వేసేది, చిటపటలు విని పోపు దింపేది.

"ఎలాగున్నాదండీ?" అని అడిగితే నరసింగరావు పేపర్లోంచి తలెత్తకుండా, "ఎప్పట్నాగే ఉన్నాదే" అనేవాడు. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు మానేసింది. ఆరోజూ అదే మాట.

అందుకే శ్రీకాకుళంలో ఒక మహిళా మండలి వంటల పోటీ పెడుతోందని తెలియగానే పేరిచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్లకు మొహమాటం ఉండదు కదా అనుకుంది. పోటీలో పనసపొట్టు కూర వండింది. నూరిన ఆవ కలుపుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు తెలిసింది అంతవరకే.

పక్క పొయ్యి మీద నౌపడ నుంచి వచ్చిన లక్ష్మణమ్మ గుమ్మడికాయ పులుసు పెట్టింది. ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "సింతపండు ఎక్కువైపోనాది, నా సెయ్యి ఇరిగిపోనూ!" అని తల కొట్టుకుంది. పద్మకుమారి ఆమెవైపు కాసేపు అలాగే చూసింది.

మొదటి బహుమతి పద్మకుమారికే వచ్చింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వేరెవరికో అన్నట్టు నిలబడింది. వేదిక దిగి వచ్చి తన కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తడిగుడ్డ నమిలినట్టుంది.

"ఫస్టొచ్చినావు గదా సెల్లీ, ఆ మొగమేటలాగున్నాది?" అంది లక్ష్మణమ్మ.

"నాకు రుసి తెలీదప్పా. ఏడాదయ్యింది."

మొదటిసారి ఒకరితో చెప్పింది. చెప్పినా లోపల ఏమీ కదల్లేదు. లక్ష్మణమ్మ అయ్యో అనలేదు. ఆ కూర కొంచెం చేతిలో వేసుకుని నెమ్మదిగా తింది.

"ఉప్పు సరిపోనాది. పొట్టు బాగా ఉడికింది. ఆకర్న కాసింత సేదు తగుల్తన్నాది. ఆవ ఉప్పెయ్యకుండా నూరినావేటి?"

"అవునప్పా. మర్సిపోనాను."

ఏడాదిలో ఆమె వంటకు ఒకరు వంకపెట్టడం అదే మొదలు. సంతోషమని చెప్పడానికి లేదు గానీ, గిన్నె లక్ష్మణమ్మవైపు జరిపి, "ఇంకా సెప్పు" అంది.