బోణీ వేళ కొన్న స్లీపింగ్ బ్యాగు

తిరువూరులో మా చీరల కొట్టు నేనే చూసుకుంటాను. కిందటి చలికాలం స్నేహితురాళ్లతో లంబసింగిలో క్యాంపింగుకి వెళ్లే ముందు, స్లీపింగ్ బ్యాగు కోసం పొద్దున్నే మా బజారులోని బ్యాగుల షాపుకి వెళ్లాను. నేను బాగా పొడవు. "ఒకసారి విప్పి కొలత చూసుకుంటానండి" అన్నాను.

షాపాయన మొహం మాడ్చుకున్నాడు. "బోణీ వేళ ఈ అనుమానాలేంటమ్మా? ఇందులో ఏనుగైనా పడుతుంది. తీసుకెళ్లు."

బోణీ బేరం తప్పితే ఆ రోజంతా వ్యాపారం పాడవుతుందని మా వ్యాపారస్తుల నమ్మకం. విప్పి చూడకుండానే కొన్నాను.

తీరా లంబసింగిలో, గుడారంలో ఆ బ్యాగులోకి దూరితే అది నా ఛాతీ దగ్గరే ఆగిపోయింది. పిల్లల సైజు! అందరూ పడీపడీ నవ్వారు. నేను తెల్లారేదాకా చలికి వణుకుతూ, ఆయన మీద పళ్లు నూరుతూ కూర్చున్నాను.

తిరిగి రాగానే ఆ బ్యాగును ఆయన కౌంటరు మీద విసిరికొట్టాను. "ఏనుగు పడుతుందన్నారుగా? ముందు మీరు దూరండి, చూస్తాను!" అని అరిచాను.

ఆయన తాపీగా అన్నాడు: "మొన్న దసరాకి బోణీ వేళంటూ, మడత విప్పనివ్వకుండా మా ఆవిడకి చిరుగు చీర అంటగట్టింది ఎవరమ్మా?"

ఒళ్లు మండిపోయింది. బ్యాగు చంకన పెట్టుకుని బయటికి నడిచాను.

మర్నాడు మొదటి బేరానికి వచ్చినావిడ అడక్కముందే చీర మడతలన్నీ విప్పి చూపించాను. ఆయన మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.