సరస్సు ఒడ్డున అమ్మ పెళ్లి

సరస్సు ఒడ్డున ఉన్న ఆ కల్యాణ మండపంలో పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా ముందు ఆమె గదికే రావాలి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, నీళ్లవైపు తెరుచుకునే కిటికీ. గది అంతే. ముహూర్తం నుంచి విందు దాకా ఏర్పాట్లన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. గాలి ఎటు తిరిగితే బల్లల మీది గుడ్డలు ఎగిరిపోతాయో, సాయంత్రపు ఎండ పెళ్లికూతురి కళ్లలో పడకుండా వేదికను ఎంత పక్కకు జరపాలో, విడిపోయిన తల్లిదండ్రులను ఒకే వరుసలో ఎంతెంత దూరంలో కూర్చోబెట్టాలో ఆమెకు తెలుసు. ఆకాశం ఎంత తేటగా ఉన్నా చంకలో గొడుగు లేకుండా బయటికి రాదు కాబట్టి పనివాళ్లు ఆమెను గొడుగు మేడమ్ అంటారు. మేడమ్ గొడుగు మర్చిపోయిన రోజు వరద ఖాయమని వంటవాళ్ల వేళాకోళం.

ఇందరి పెళ్లిళ్లు చేసిన మనిషి సొంత పెళ్లి మాత్రం మూడేళ్లకే తెగిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టని తన మీద తనే నవ్వుకునేది. అప్పటికే తండ్రి పోయాడు. తమ్ముడు ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆమె పెట్టె పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తల్లి బట్టలు కుట్టేది. కూతురు ఇంటికి వచ్చేసరికి ఎంత ఆలస్యమైనా కుట్టుమిషన్ చప్పుడు మెట్ల మీదికి వినిపిస్తూనే ఉండేది. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని, తలుపు తట్టకముందే తల్లి గడియ తీసేది. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున, అంచు మడిచి కుడుతూ తల్లి అడిగింది.

"మీ సరస్సు దగ్గర ఒక రోజు ఖాళీ దొరుకుతుందా?"

"ఎవరికమ్మా?"

"నాకే."

కూతురు నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. భార్య పోయి ఆరేడేళ్లయింది, పిల్లల్లేరు. ఇద్దరికీ ఒకే రోజు కంటి శుక్లాలు తీశారట. ఆపరేషన్ అయ్యాక కంటికి కట్టుతో ఆసుపత్రి బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా కనపడకముందే మాట కలిసింది. "కట్టు విప్పాక చూసి పారిపోతాడేమో అనుకున్నా. పారిపోలేదు" అంది తల్లి. ఆ మాటలో సిగ్గూ ఉంది, కొంచెం గర్వమూ ఉంది.

కూతురు కాదనలేదు, ఔననలేదు. అందరికీ చేసినట్టే పని మొదలుపెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఒక కాగితం మీద గీతలు గీసి తెచ్చి తల్లి ముందు పరిచింది. మంగళవారం ఉదయం, మండపం వెనకవైపు గది, పది కుర్చీలు, సంతకాలకు ఒక బల్ల.

తల్లి కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ గదికి కిటికీ కూడా లేదు కదే."

"నీకు హడావుడి ఇష్టం ఉండదేమో అని..."

"నేనెప్పుడన్నాను? సరస్సు ఒడ్డున అన్నాను. అక్కడ్నించి నీళ్లెక్కడ కనపడతాయి?" తల్లి కాగితం మడిచి కూతురి చేతిలో పెట్టింది. "నీకు సిగ్గుగా ఉంటే చెప్పు, మానేద్దాం. అంతేగానీ దొంగసరుకులా వెనక గదిలో మాత్రం పెట్టకు నన్ను."

"సిగ్గు కాదమ్మా."

"మరి?"

పెళ్లికూతుళ్ల ఏడుపులు, తల్లుల ఏడుపులు ఎన్నో సముదాయించిన మనిషి చేతిలోని కాగితాన్ని ఇంకా చిన్నగా మడిచింది. చివరికి చిన్నపిల్లలా అంది. "నువ్వెళ్లిపోతే నాకు తలుపు తీసేదెవరు?"

"తాళంచెవి లేదా నీ దగ్గర?" అనేసింది తల్లి అలవాటుగా. తర్వాత మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ఆయన అడిగి ఏడాదైంది. నిన్నొక్కదాన్నే వదిలి ఎలా వెళ్లనా అని ఏడాదిగా నాలో నేనే కొట్టుకుంటున్నానే పిచ్చిదానా."



తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది కూతురే. అతను మండిపడ్డాడు. "ఈ వయసులో ఇదేం బుద్ధక్కా? నలుగురూ ఏమనుకుంటారు? నాన్న ఫొటో ఎక్కడ పెడతారు?" అన్నాడు. వింటుంటే, తను గీసిన ఆ వెనక గదిలో ఉన్నది సరిగ్గా ఈ మాటలేనని ఆమెకు తట్టింది. తమ్ముడు పైకి అన్నాడు, తను కాగితం మీద గీసింది. తేడా అంతే. "సాక్షి సంతకానికి నీ పేరే చెప్పింది అమ్మ. రా" అని మాత్రం అని ఫోన్ పెట్టేసింది.

పెళ్లి శనివారం సాయంత్రం, నీళ్లకు ఎదురుగా పచ్చికలో పెట్టింది. తల్లి తన బట్టలు తనే కుట్టుకుంది. తోటమాలి అడగకుండానే తెల్లపూలు కోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. బస్సాయన గంట ముందే వచ్చేశాడు. వెంట పాత డ్రైవర్లు, కండక్టర్లు, ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుపోయి నిలబడ్డారు.

"అమ్మాయ్, నేనెటు నిలబడాలి?" అని అడిగాడాయన. "ముప్పై ఏళ్లు కూర్చుని బతికినవాణ్ని. నిలబడితే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు."

"అమ్మ చెయ్యి పట్టుకోండి. సరిపోతుంది" అందామె. ఆయనతో ఆమె మనసారా అన్న మొదటి మాట అదే.

తమ్ముడు రాలేదు. సంతకాల వేళకు అందరూ గేటువైపు చూశారు. తల్లి కూడా చూసింది, తర్వాత చూపు తిప్పుకుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో గొడుగు మేడమ్‌కు కొట్టినపిండి. పాటలవాళ్లకు సైగ చేస్తుంది, చుట్టాల్లో ఒకరిని చూసి ముందుకు తెస్తుంది. ఆ రోజు అవేవీ చేయలేదు. గొడుగు గడ్డి మీద పడేసి బల్ల దగ్గరికి నడిచింది. ఎన్నో పెళ్లిళ్లలో ఆ బల్ల మీద కలం సర్దిన చేతితోనే తల్లి పేరు కింద తన పేరు రాసింది. అక్షరాలు వంకర పోయాయి. విందులో తల్లి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో కొడుకు లేని వెలితి కూతురికి ఒక్కదానికే తెలిసింది.

తల్లి వెళ్లాక ఇల్లు చాలా నెలలు పరాయిగా ఉంది. మూడో అంతస్తుకు ఎక్కుతూ, చప్పుడు కోసం ఆగి చెవి పెట్టేది. తర్వాత్తర్వాత ఆగడం మానేసింది. వారానికోసారి వాళ్లింటికి వెళ్లేది. బస్సాయన తల్లిని పాత బస్సు దారులన్నీ ప్రయాణికురాలిగా తిప్పి చూపిస్తున్నాడని, ప్రతి మలుపు దగ్గరా ఒక కథ చెబుతాడని, వినీ వినీ తల్లికి కూడా మలుపులు కంఠతా వచ్చేశాయని తెలిసింది.

రెండేళ్లు నిండకుండానే ఒక పొద్దున ఆయన నిద్రలోనే పోయాడు.

కబురు విని తమ్ముడు వచ్చాడు. ఎవరూ పిలవకుండానే పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు. పనంతా అయ్యాక తల్లి ముందు తల వంచుకుని నిలబడితే, ఆమె "ఏమైనా తిన్నావా?" అని మాత్రం అడిగింది. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

మూడో రోజు కూతురు అంది. "మనింటికి వచ్చేయమ్మా. ఇక్కడ ఒక్కదానివే ఏం చేస్తావు?"

"ఇదీ మనిల్లే. కొన్నాళ్లు ఉండనీ."

ఆయన చొక్కాలు మడత పెడుతూ కూతురు ఆపుకోలేక అనేసింది. "ఈ రెండేళ్ల కోసం ఇంత బాధ అవసరమా అమ్మా?"

తల్లి కోపగించుకోలేదు. "రెండేళ్లు సరిపోలేదే. సరిపోయి ఉంటే ఇంత ఏడుపెందుకొస్తుంది?" అంది.

ఆ శనివారం మండపంలో ఒక పెళ్లి ఉంది. మానేస్తానని కూతురు అంటే తల్లి ఒప్పుకోలేదు. "వెళ్లు. మన దుఃఖంతో ఆ పిల్లకేం సంబంధం? దాని పెళ్లి దానికి పండగ" అని పంపించింది. ఆమె వెళ్లింది. వేదిక జరిపించింది, గాలికి ఎగురుతున్న గుడ్డలకు పిన్నులు పెట్టించింది. వధూవరులు చేతులు పట్టుకున్నప్పుడు ఒక్కసారి పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకుని తిరిగొచ్చింది. ఎవరూ గమనించలేదు.

పని ముగిశాక బస్సెక్కి తన ఇంటికి కాక తల్లి దగ్గరికి వెళ్లింది. తల్లి తినకుండా కూర్చుని ఉంది.

"పెళ్లి బాగా జరిగిందా?"

"బాగా జరిగిందమ్మా. పెళ్లికొడుకు మాట తడబడింది. అందరూ నవ్వారు."

"కూర్చో. మొత్తం చెప్పు" అంటూ తల్లి రెండు కంచాలు తెచ్చింది.