నేను తీయని బీపీ

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ నరసరావుపేటలో సైన్సు టీచరు. మా ఇంట్లో దిష్టి తీయడం కూడా ఉండేది కాదు. పైగా నేను డాక్టర్ని. వార్డులో పెద్దాయన ఎవరైనా మంచం పక్కన ఎవరో నిలబడ్డారని అంటే, ముందు రక్తంలో సోడియం తగ్గి మతి తప్పుతోందేమో చూడమని నర్సుకి చెప్పే రకాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. నాకు జరిగిన దానికి మాత్రం ఏ పరీక్ష రాయాలో తెలియడం లేదు.

చదివి భయపడతారని రాయడం లేదు. నాకే భయం వేయలేదు. వేసింది సిగ్గు. అది ఇంకా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

బెంగళూరులో ఒక మెడికల్ కాలేజీలో, ఫ్యామిలీ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్నాను. కాలేజీ పేరు అనవసరం. ఉండేది మారతహళ్ళిలో అద్దె ఫ్లాట్‌లో. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఏమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. ఒక్క గుండెనో, ఒక్క కంటినో కాకుండా మొత్తం మనిషిని, ఆ మనిషి బతికే ఇంటిని కూడా చూసే డాక్టర్లం అని చెబుతాను. చెప్పడానికి బాగానే ఉంటుంది.

చందాపుర దగ్గర కూలీల కాలనీలో మా విభాగం ఒక పరిశోధన చేసింది. కడప, అనంతపురం వైపు నుంచి వచ్చి భవనాల పనుల్లో బతికే కుటుంబాలు అక్కడ ఎక్కువ. బీపీ ఉన్నవాళ్ళ ఇంటికి నెలకోసారి డాక్టరే వెళ్ళి చూస్తే, ఏడాదిలో అది అదుపులోకి వస్తుందా అన్నది మా ప్రశ్న. తెలుగు వచ్చు కాబట్టి తెలుగు ఇళ్ళన్నీ నా వంతుకి వచ్చాయి.

వెళ్ళినప్పుడల్లా ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు బీపీ తీయాలి. ఖాళీ అయిన మాత్రల అట్టలు తెప్పించి లెక్కపెట్టాలి. ఒక సలహా చెప్పాలి. ఇదంతా మా ఫారంలో రాసుకుని, వాళ్ళ దగ్గరుండే నీలం కార్డులో కూడా రాసి సంతకం పెట్టాలి. మాత్రలు అయిపోయాయని తెలిస్తే అక్కడి నుంచే మా హెల్త్ సెంటర్‌కి ఫోన్ చేసి పంపించమనాలి. అంతే పని.

ఇది కాక మా విభాగం నెలనెలా నాలుగు పేజీల వార్తాపత్రిక ఒకటి తెస్తుంది. ఎవరి వ్యాసం ఏ జర్నల్లో వచ్చింది, ఏ కాలనీలో శిబిరం పెట్టాం, కొత్తగా ఎవరు చేరారు, ఇలాంటివి ఉంటాయి. నాలుగు ముక్కలు రాయగలనని అది కూడా నా మెడకే చుట్టారు. పైకి విసుక్కునేదాన్ని గానీ, చివరి పేజీ అడుగున నా పేరు కనబడుతుందని లోపల ఇష్టమే.

ఓబులమ్మగారిది ఆ కాలనీలో అన్నిటికన్నా చివరి రేకుల ఇల్లు. వయసు అరవై దాటి ఉంటుంది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఇటుకలు మోసింది. కూతురు రమణమ్మ అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది. నేను వెళ్ళగానే ఓబులమ్మ స్టూలు తుడిచి వేసేది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, అడగకముందే ఎడమ చెయ్యి చాపేది. ఆ తర్వాత మజ్జిగ గ్లాసు తెచ్చేది. ఇంకా ఆరిళ్ళు ఉన్నాయని చెప్పి నేను తాగేదాన్ని కాదు.

పన్నెండో నెల వచ్చింది. నా ఇళ్ళన్నీ అయిపోయి ఓబులమ్మ ఒక్కతే మిగిలింది. గురువారం వెళ్ళాలి. అదే రోజు సాయంత్రం పత్రిక అచ్చుకి పోవాలి. మొదటి పేజీలో ఈ పరిశోధన గురించే వార్త. ఏడాది పాటు ఒక్క ఇల్లు కూడా వదలకుండా వెళ్ళామని మొదటి వాక్యం రాసి పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ వార్తకి ఫోటో కోసం విభాగమంతా మెట్ల మీద నిలబడ్డాం. ఫోటో అయ్యాక వాన మొదలైంది. చందాపుర వెళ్ళడానికే ముప్పావు గంట పడుతుంది, వానలో తిరిగి రావడం దేవుడికెరుక. పైగా వార్త ఇంకా సగంలోనే ఉంది. మళ్ళీ కూర్చుని రాసుకున్నాను.

ఐదింటికి ఓబులమ్మ ఫారం తీసి బల్ల మీదే నింపేశాను.

ఇలాంటివి చేసేవాళ్ళకి ఒక కిటుకు తెలుసు. సున్నాతో ముగిసే అంకెలు వేస్తే తనిఖీ చేసేవాళ్ళకి అనుమానం వస్తుంది. అందుకని 134/86 వేశాను. ఐదు నిమిషాల తర్వాత 132/84 అని వేశాను. సమయం మూడూ పది. మాత్రలు సక్రమంగా వాడుతున్నారా అన్నచోట టిక్కు పెట్టాను. సలహా అన్నచోట ఉప్పు తగ్గించమని రాశాను. మొత్తం మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత కాఫీ కూడా తాగాను.

తర్వాతి నెల అందరికీ కృతజ్ఞతలు చెప్పి కార్డులు వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాను. ఓబులమ్మ నులకమంచం మీద ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. మాట లేదు. నేను చూసిపోయిన మూడో రోజు, అంటే ఆ ఆదివారం పొద్దున, నీళ్ళ బిందె ఎత్తుతూ కూలబడిందని రమణమ్మ చెప్పింది. పెద్దాసుపత్రిలో రెండు వారాలు ఉంచారట.

నేను చూసిపోయిన మూడో రోజు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పనుల్లో పడి ఆమె రోజులు తప్పు చెబుతోందేమో అనుకుని, నేను ఎప్పుడు వచ్చానని అడిగాను. రమణమ్మ నన్ను వింతగా చూసింది.

"గురువారం వచ్చినారు కదమ్మా. అప్పుడే నేను పని నుంచి వచ్చి అన్నం తింటా ఉండా. మాత్రలు అయిపోయి వారమాయెనని మాయమ్మ మీతో చెప్పె. మీరు ఏమీ అనకుండా టిక్కు పెట్టుకుంటిరి. బీపీ బాగుండాది అన్నట్టు తలూపితిరి. ఉప్పు తగ్గించు అంటిరి. సరే, ఇంక మాత్రలు అక్కర్లేదేమో అని మేమూ గమ్మున ఉండిపోయినాం."

ఆ మాటల్లో కోపం లేదు. జరిగింది చెప్పింది, అంతే. లోపలికి వెళ్ళి కార్డు తెచ్చి ఇచ్చింది.

ఆ గురువారం తేదీకి ఎదురుగా 134/86 అని ఉంది. దాని కింద 132/84. సమయం మూడూ పది. ఎనిమిది అంకెని రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. కార్డులో ఎనిమిదులు అలాగే ఉన్నాయి. చివర నా సంతకం.

ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. కార్డు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ మూల మనిషి పడిపోయి ఉంటే నేను దొరికిపోతానేమోనన్న ఆలోచనే నాకు ముందు వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఓబులమ్మ గురించిన ఆలోచన ఆ తర్వాతే వచ్చింది.

ఫ్లాట్‌కి వచ్చి అన్నీ చూసుకున్నాను. ఫోటో నా ఫోన్లోనే ఉంది. తీసిన సమయం మూడూ ఎనిమిది. మెట్ల మీద రెండో వరసలో నవ్వుతూ నిలబడ్డాను. బీపీ మిషన్ మా విభాగం బీరువాలోంచి బయటికి తీస్తే రిజిస్టర్లో సంతకం చేయాలి. మర్నాడు వెళ్ళి చూస్తే, ఆ గురువారం ఎవరూ తీయలేదు. ఇంకొక సంగతి నన్ను ఎక్కువ పీడించింది. ఆ అంకెలు నాకు తోచింది ఐదింటికి. కార్డు ప్రకారం అవి మూడూ పదికే అక్కడ ఉన్నాయి.

నాకు బదులు ఇంకెవరైనా వెళ్ళారేమో కనుక్కున్నాను. ఎవరూ వెళ్ళలేదు. నేనే ఎప్పుడైనా కార్డు తెచ్చుకుని రాసి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. కార్డు ఎప్పుడూ వాళ్ళ ఇల్లు దాటలేదు.

వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. చివరికి మా విభాగాధిపతి దగ్గరికి వెళ్ళి ఫారం, కార్డు, ఫోటో ముందు పెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉంటున్న తెలుగువారు. అరవడం ఆయనకి రాదు. కళ్ళజోడు తీసి చాలాసేపు కార్డునే చూశారు. మర్నాడు నాతో పాటు చందాపుర వచ్చారు.

నేను వాళ్ళ ముందు నిలబడి, ఆ రోజు రాలేదని, అబద్ధం రాశానని చెప్పాను. రమణమ్మ ఒప్పుకోలేదు. మాయమ్మకి ఇట్లాయెనని మీరు బాధపడి ఏదేదో అంటుండారు, ఊరుకోండమ్మా అంది. ఎదురింటి కన్నడావిడని పిలిచింది. ఆవిడ కూడా నన్ను చూసి, ఆ రోజు మీరు వానలో గొడుగు లేకుండా వచ్చారు కదా, చీర మాత్రం తడవలేదే అని అప్పుడు అనుకున్నానంది. మజ్జిగ ఇచ్చినా తాగలేదని రమణమ్మ గుర్తు చేసింది. ఓదార్పుగా నా చెయ్యి పట్టుకుంది. క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, క్షమించడానికి వాళ్ళకి తప్పే కనిపించకపోతే ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, బొమ్మనహళ్ళి దాటాక సార్ అన్నారు.

"కార్డు సంగతి నాకు తెలీదమ్మా. నీకు తెలిసింది ఒకటి ఉండాది కదా, పోలేదని. అది రాయి."

రాశాను. తర్వాతి సంచికలో మొదటి పేజీలోనే వేశారు. పన్నెండో నెలలో ఒక ఇంటికి వెళ్ళకుండా వెళ్ళినట్టు నమోదు చేశానని, అది చేసింది నేనేనని, నా పేరుతో. నేను చూసిన ఇళ్ళ లెక్కలన్నీ సార్ పరిశోధన నుంచి తీసేయించారు. నన్ను పత్రిక పని నుంచి కూడా తప్పించారు. తోటివాళ్ళు కొన్నాళ్ళు నాతో క్యాంటీన్‌కి రాలేదు. దానికి నాకు బాధ లేదు. అది నాకు అర్థమయ్యే శిక్ష.

అప్పటి నుంచి ప్రతి శనివారం ఓబులమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మా ఫిజియోథెరపిస్టుని వెంటబెట్టుకుని వెళ్ళి వ్యాయామాలు చేయిస్తాను. మాత్రలు నేనే తీసుకెళ్తాను. ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. తడబడుతుంది గానీ అర్థమవుతుంది.

ఈ మధ్య ఒక శనివారం రమణమ్మ పనికి పోయింది. మేమిద్దరమే ఉన్నాం. ఎన్నాళ్ళ నుంచో నాలుక చివర ఉన్నది అడిగేశాను. ఆ గురువారం వచ్చిన మనిషిని గుర్తు తెచ్చుకోమన్నాను. మొహంలో గానీ, చూపులో గానీ, చేతి స్పర్శలో గానీ ఏదైనా తేడా అనిపించిందా అని అడిగాను. ఏదో ఒకటి చెబుతుందనే ఆశ. చెయ్యి చల్లగా ఉందనో, కళ్ళలోకి చూడలేదనో అంటే చాలు, అది నేను కాదని తేలిపోతుంది.

ఓబులమ్మ తొందరపడలేదు. చూరు వైపు చూస్తూ ఆలోచించింది. నా కోసం నిజంగానే వెతికిందని తెలుస్తోంది.

"తేడా ఏం లేదు డాక్టరమ్మా," అంది మెల్లగా, ఒక్కో మాట కూడబలుక్కుంటూ. "చెయ్యి చూస్తివి, రాసుకుంటివి, పోతివి. ఎప్పుడూ వచ్చినట్టే వచ్చినావు."

ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడడం లేదు. కానీ అంతకు ముందు పదకొండు నెలలు, పదకొండు సార్లు, ఆ స్టూలు మీద కూర్చున్నది మాత్రం నేనే.