పెద్దమ్మ వేలి మీది ఇంకు

ఓటు ఎలా వేయాలో జనానికి నేర్పడానికి పోయి, నేనే నోరు తెరుచుకుని నిలబడిపోయిన ఆదివారం ఒకటుంది నా జీవితంలో. ఇప్పటికీ గుర్తుకొస్తే జాకెట్టు కుడుతున్న మిషను ఆపేసి కూర్చుంటాను.

నాకు ప్రొద్దుటూరులో చిన్న టైలరు అంగడి ఉంది. ఎన్నికలు దగ్గరపడుతుండగా మా వీధిలో ఉండే లెక్చరరమ్మ వచ్చి, కొంతమందిమి కలిసి పల్లెల్లో ఓటర్లకు సాయం చేద్దామనుకుంటున్నాం, నువ్వూ రా అని పిలిచింది. పార్టీల ఊసెత్తకూడదు, ఎవరికి వేయమనీ చెప్పకూడదు, ఏ నాయకుడి ఇంట్లోనూ టీ తాగకూడదు. ఇవీ షరతులు. టీ లేకుండా నాకు పూట గడవదు, అయినా ఒప్పుకున్నాను. నాకు నోరెక్కువని పిలిచిందని నాకు తెలుసు. ఎండలో అరిచి చెప్పే మనిషి ఒకరు కావాలి కదా వాళ్ళకు.

నమూనా ఓటుపెట్టెను నేనే తయారుచేశాను. చీరలొచ్చే అట్టపెట్టె మీద కోటు బొత్తాలు వరసగా కుట్టి, పక్కన గుర్తులు అతికించాను. అసలు గుర్తులు వాడకూడదు కాబట్టి వంకాయ, బెండకాయ, మిరపకాయ, సొరకాయ పెట్టాను. అసలు పెట్టె కూత పెడుతుంది కదా, దానికోసం చంటిపిల్లల చెప్పుల్లో ఉండే పీపీ పీకి లోపల అమర్చాను. నొక్కితే కీచుమనేది. పులివెందుల పక్క పల్లెల్లో, వేంపల్లె సంతలో ఆ పెట్టెను తిప్పితే జనం ఎగబడ్డారు. ఒక ముసలాయన బెండకాయకు వేసి, "వంకాయ మా ఊర్లో గెలిచేది ల్యా" అని మీసం తిప్పాడు. నేను ఉబ్బిపోయాను. ఇంత తేలికైన పనికి నన్ను అందరూ మెచ్చుకుంటున్నారే అనుకున్నాను.

ఆ ఊపులోనే మా పెద్దమ్మ ఉండే కాలనీకి పోదామన్నాను. కొండాపురం వైపు డ్యాము నీళ్ళలో మునిగిన ఊళ్ళ వాళ్ళకు ఇచ్చిన కాలనీల్లో అదొకటి. జమ్మలమడుగులో బస్సు దిగి ఆటో ఎక్కి పోవాలి. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఈ పెద్దమ్మే. ఆమెకు పిల్లలు లేరు, పెదనాన్న పోయి చాలా కాలమైంది. పాత ఊళ్ళో ఉన్నప్పుడు ఎన్నికల రోజు వచ్చిందంటే ఆమెకు క్రిస్మస్ వచ్చినట్టే. చర్చికి కట్టుకునే తెల్ల చీర తీసేది. ఓటుకు పోయి వచ్చి, నీలం మరక ఉన్న వేలు నా ముక్కు దగ్గర ఆడించి, "సూడు పాపా, ఓటేసొచ్చినా" అనేది. ఆ రోజంతా మరక చెరిగిపోతుందని ఆ చేత్తో అంట్లు తోమేది కాదు, నా చేత తోమించేది. ఓటు అనే మాట వింటే నాకు గుర్తుకొచ్చేది ఆ వేలే. లెక్చరరమ్మ పిలవగానే తల ఊపడానికి అదీ ఒక కారణం.

ఊరు మునిగాక పెద్దమ్మకు కాలనీ చిట్టచివర, బండరాళ్ళ మధ్య ఇంటి జాగా వచ్చింది. ఆ కొసకు కొళాయి నీళ్ళు ఎక్కవు, బిందెలు మోసుకోవాల్సిందే. నాకు చిన్నాయన వరసయ్యే ఆమె మరిది ఇల్లు మాత్రం రోడ్డు పక్కన, నీళ్ళ ట్యాంకు ముందర ఉంది. ఆయన పేటకు పెద్ద. కాగితాల పనైనా, ఆఫీసు పనైనా పేటలో అందరికీ ఆయనే దిక్కు. ఇదేం పంపకం అని నేను అడిగితే పెద్దమ్మ, "దేవుడు మనకు రాసింది ఇంతే పాపా" అని తేల్చేసేది.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయి ఆడవాళ్ళు చర్చి నుంచి నేరుగా బడి వరండాలోకి వచ్చారు. మేము అసలు పోలింగ్ బూత్ మాదిరే ఏర్పాటు చేశాం. మొదటి బల్ల దగ్గర చీటీ చూపించాలి. రెండో బల్ల దగ్గర సంతకమో వేలిముద్రో వేసి వేలికి ఇంకు పెట్టించుకోవాలి. అక్కడి నుంచి, రెండు స్తంభాలకు కట్టిన నా పాత చీర వెనక్కి పోయి, అట్టపెట్టె మీద బొత్తం నొక్కాలి.

అందరికంటే ముందు పెద్దమ్మే లేచింది. "నాకు నేర్పిస్తావా పాపా? నువ్వు పుట్టకముందు నుంచి ఓటేస్తాండా నేను. నేనే నీకు నేర్పిస్తా సూడు!" అంది. అందరూ నవ్వారు. చీటీ చూపించింది. బొటనవేలు అద్దింది. నేను నీలం స్కెచ్ పెన్నుతో చూపుడువేలి మీద గీత గీశాను. దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ వెనక్కి తిరిగి, మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుంది.

"పెద్దమ్మా, యాడికి పోతాండావు?" అని అరిచాను.

"యాడికేంది, ఇంటికి. అయిపాయ గదా!"

"ఓటే ఎయ్యకపోతివి!"

ఆమె వెనక్కి వచ్చి, అచ్చం నా చిన్నప్పటిలాగే, వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేంది మరి?"

ఆట పట్టిస్తోందనుకుని గట్టిగా నవ్వాను. ఆమె నవ్వలేదు. స్తంభాల మధ్య వేలాడుతున్న చీరను తేరిపార చూసి, "పాపా, ఆ గుడ్డ ఎనకాల ఏముంది?" అని అడిగింది.

ఆమెకు నిజంగానే తెలియదు. చుట్టూ చూశాను. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వడం లేదు. ఆమె ఏం తప్పు చేసిందో వాళ్ళకూ అర్థం కాలేదు. తర్వాతి ఆమెను పిలిచాను. నా ఈడుదే, గండికోటలో లాడ్జీ గదులు ఊడుస్తుంది, రోజూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళను చూసే మనిషి. ఇంకు పెట్టించుకుంది, వెనక్కి తిరిగింది. ఆ తర్వాతి ఆమె కూడా అంతే. చీర వైపు చెయ్యి చూపిస్తే, "ఆడ మాకేం పని?" అంది. వేరే ఊళ్ళనుంచి కాపురానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కోడళ్ళు తప్ప, ఆ పేట ఆడవాళ్ళెవరూ ఓటుపెట్టెను కళ్ళతో చూడలేదు. లెక్చరరమ్మ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మరి మీ ఓటు ఎవరేస్తాండ్రి?" అని ఎలాగో అడిగాను.

"మీ చిన్నాయన ఉంటాడు గదా లోపల," అంది పెద్దమ్మ. "ఇంకు ఏసినాక, 'నువ్వు పో వదినా, మిగిలింది నేను సూసుకుంటా' అంటాడు. వచ్చేస్తా. మన పేటోళ్ళందరం అంతే గదా పాపా."

రేషన్ బియ్యం తెచ్చుకున్న సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నా చిన్నతనమంతా నేను చూసి మురిసిపోయిన ఆ వేలు, తెల్ల చీర, నేను తోమిన అంట్లు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆమె ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. అయినా ఆ మరకను ఆ రోజంతా పోకుండా కాపాడుకుంది.

అంతలో చిన్నాయనే వచ్చాడు, మా అందరికీ కూల్ డ్రింకులు తీసుకుని. మేం తాగం అంటే నొచ్చుకున్నాడు కూడా. చీర వెనక్కి పోయి, వంకాయ నొక్కి, కీచుమంటే ముచ్చటపడి, "శానా బాగ జేసినావు పాపా, పనితనముంది నీ చేతిలో" అన్నాడు.

"చిన్నాయనా, ఈళ్ళ ఓట్లన్నీ నువ్వే ఏసినావా?" అన్నాను.

బుకాయిస్తాడనుకున్నాను. తల దించుకుంటాడనుకున్నాను. "ఏసినా. ఏం?" అన్నాడు తాపీగా. "ఆడోళ్ళు ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కుతారు. పేట ఓట్లన్నీ ఒక పక్కనుంటేనే మనకు మర్యాద. రోడ్డు యాడనుంచి వచ్చిందనుకున్యావు? వదినను ఎండలో నిలబెట్టి యాతన పెట్టాకు. ఎప్పటి మాదిరే ఇంకు ఏయించుకోని పోతాది."

పెద్దమ్మ తలమీది కొంగు సర్దుకుంటూ వింటూ ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, ఆయన ముఖంలో తప్పు చేసిన జాడ వెతికితే దొరకలేదు. నన్ను అన్నిటికంటే బెదరగొట్టింది అదే.

సామాను సర్దుకుంటుంటే పెద్దమ్మ వచ్చి మెల్లగా, "ఆ పెట్టె ఈన్నే పెట్టిపో పాపా" అంది. పెట్టి వచ్చాను.

కొన్నాళ్ళకు నేను మళ్ళీ పోయేసరికి పీపీ గొంతు బొంగురుపోయి ఉంది. వీధి ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నొక్కి పోయారట. పెద్దమ్మకు బొత్తాలన్నీ కొట్టిన పిండి అయ్యాయి. "అయితే ఎవరికెయ్యల్ల?" అని నన్ను అడిగింది. అది నేను చెప్పకూడదన్నాను. "ఇంత జెప్పి అసలుది జెప్పవా? ఎట్లాంటి నేర్పుడు ఇది!" అని నన్ను కసిరి, బిందె తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయింది. అక్కడ కనబడినవాళ్ళనల్లా పోటీలో ఉన్నది ఎవరు, ఎవరేం చేశారు అని ఆరా తీయడం మొదలుపెట్టింది.

నీళ్ళతో తిరిగొచ్చాక మాత్రం ఆమె ముఖం వాడిపోయి ఉంది. బిందె దించి, "నేను లోపలికి పోతే ఆయప్పకు కోపమొస్తాది పాపా" అంది. "ఆయప్పతో చెడితే నేను సచ్చిపోతే మోసేవాళ్ళు ఎవరు? ఆయప్ప కొడుకులే గదా."

మర్యాద, రోడ్డు అన్న చిన్నాయనకైతే ఎన్ని మాటలైనా చెప్పగలను. కానీ ఈమె పిల్లలు లేని మనిషి, తన శవపెట్టెను మోసే నాలుగు భుజాల గురించి భయపడుతోంది. ఓటు నీ హక్కు పెద్దమ్మా అనబోయి, ఆ మాట నాకే బోలుగా వినిపించి మింగేశాను.

పోలింగ్ రోజు పొద్దున్నే ప్రొద్దుటూరులో నా ఓటు వేసి బస్సెక్కాను. పెద్దమ్మ తెల్ల చీర కట్టుకుని అప్పటికే బడికి బయల్దేరుతోంది. "ఏం జేస్తావు పెద్దమ్మా?" అంటే "తెల్దు పాపా" అంది. నిజంగానే తెలియదని ముఖం చూస్తేనే తెలిసింది. చిన్నాయన పార్టీ ఏజెంటుగా లోపల కూర్చుని ఉన్నాడు. నేను గేటు బయటే ఆగిపోవాలి.

ఆడవాళ్ళ వరస మెల్లగా కదిలింది. ఆమె తెల్ల చీర గదిలోకి పోవడం చూశాను. ఇంకు పెట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆ సేపు గడిచింది. ఆమె బయటికి రాలేదు. కిటికీలోంచి చిన్నాయన గొంతు "వదినా!" అని గట్టిగా వినబడింది. వెంటనే ఎవరో ఆఫీసరమ్మ, "మీరు కూర్చోండి, ఆమెను పోనివ్వండి" అంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అప్పుడు పెట్టె కూత పెట్టింది, పొడుగ్గా. నాకు ఏడుపు ఆగలేదు. గేటు పట్టుకుని, పోలీసాయన వింతగా చూస్తున్నా సరే, ఏడ్చేశాను.

వేలు ఆడించుకుంటూ వస్తుందని ఎదురుచూశాను. ఆమె మెట్లు పట్టుకుని, ఎవరో చెంప మీద కొట్టినట్టున్న ముఖంతో దిగింది. నా ముందుకొచ్చి నిలబడింది.

"ఇంతేనా పాపా?" అంది. "ఒక్క ఏలితో నొక్కితే కూసేదేనా? ఇది నాకు ఎట్ల చాతగాదనుకున్యాడు?"

నీళ్ళ సీసా ఇస్తే తీసుకోలేదు. చూపుడువేలి మీది ఇంకు చూసుకుంది. ఆ తర్వాత బొటనవేలు చూసుకుంది. చాలాసేపు ఆ బొటనవేలునే చూస్తూ ఉంది.

"ఊరు మునిగేటప్పుడు గూడా అంతే పాపా. ఇండ్ల జాగాల కాగితం అని ముందర పెట్టినాడు, ఈ ఏలు అద్దించుకున్యాడు. 'నువ్వు పో వదినా, మిగిలింది నేను సూసుకుంటా' అన్యాడు. వచ్చేస్తి." కాలనీ చివర, బండల మధ్య ఉన్న తన ఇంటి వైపు చూసింది. "దేవుడు రాసిందనుకుంటి. ఆ కాగితంలో ఏముండె పాపా?"

నాకు తెలియదన్నాను.

"ఆయప్ప ఎప్పుడొస్తాడు బయటికి?"

"పోలింగ్ అయిపోయినాక. సాయంత్రమైతాది పెద్దమ్మా."

ఆమె తలూపింది. గేటుకు దూరంగా, రోడ్డవతల గోడ నీడకు పోయి, తెల్ల చీర మట్టి అవుతుందని కూడా చూసుకోకుండా నేలమీద కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే ఆ ఇంకు వేలితోనే నాకు బస్సు వచ్చే దారి చూపించింది.

"నువ్వు పో పాపా," అంది. "మిగిలింది నేను సూసుకుంటా."